ప్రైవేట్ నంబర్ పదమూడు

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి అర్పా నది వంతెన మీద ఇసుక టిప్పర్ ఒకటి సత్యనారాయణ స్కూటర్‌ని వెనక నుంచి గుద్దింది. రోడ్డు మీద బ్రేకు గుర్తు లేదు. టిప్పర్‌కి నంబర్ ప్లేటు లేదు. డ్యూటీ మధ్యలో భోజనానికి ఇంటికి బయల్దేరిన మనిషి వంతెన దాటలేదు. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకుని చేతులు దులుపుకున్నారు.

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి బిలాస్‌పూర్ స్టేషన్ రిటైరింగ్ రూమ్ తలుపు మీద ఎవరో మూడుసార్లు కొట్టారు.

"రెండో ప్లాట్‌ఫారం మీద సమోసా వేడిగా ఉందా?" లోపలి నుంచి ప్రశ్న.

"నిన్నటిదైతే ఉంది."

తలుపు తెరుచుకుంది. ఏజెంట్ జ్యోతిర్మయి లోపలికి వచ్చి కూర్చోకుండానే టేబుల్ మీద ఫైలు లాక్కుంది. మొదటి పేజీ చదివింది. రెండో పేజీ చదవలేదు.

"ఇది ఎవరు రాశారు సార్? మాస్టారు ద్రోహి అని?"

గూఢచారి విభాగం చీఫ్ జగన్నాథం కళ్ళజోడు తుడుచుకున్నాడు. "కూర్చో. బ్రీఫింగ్ ఇంకా..."

"నిలబడే వింటాను."

పదిహేనేళ్ళ కింద ఆమెకి కేబుల్ కొస తొక్క తియ్యడం దగ్గర్నుంచి నేర్పింది ఆ సత్యనారాయణే. రైల్వే సిగ్నల్, టెలికం విభాగంలో ముప్ఫై ఏళ్ళు చేసి, డెప్యుటేషన్ మీద మహానది గ్రిడ్ నెట్ అనే కంట్రోల్ నెట్‌వర్క్‌కి సూపరింటెండెంట్‌గా వచ్చాడు. నాలుగు రాష్ట్రాల పవర్ ప్లాంట్లకి ఎంత కరెంటు తియ్యాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే ఆదేశాలన్నీ వంతెన అవతల సర్కండాలో ఉన్న అతని రౌటర్ మీదుగానే పోతాయి. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఈ డిపార్ట్‌మెంట్‌కి ఆ పాటి మర్యాద కూడా లేదు.

"కోబాల్ట్ రింగ్ అని విదేశీ ముఠా," జగన్నాథం చెప్పుకుపోయాడు. "సర్కండా రౌటర్‌కి వెళ్ళే లైన్లలో ఎక్కడో ఓ దొంగ రౌటర్ పెట్టారు. ఎక్కడో తెలీదు. ఈరోజు పన్నెండింటికి కొత్త సాఫ్ట్‌వేర్ కోసం మన రౌటర్ ఆటోమేటిగ్గా రీస్టార్ట్ అవుతుంది. అది లేచేటప్పుడు దొంగది పనిలో దిగుతుంది. దానికి కావలసిన సీక్రెట్ కీ సత్యనారాయణ అమ్మాడు."

"ఎవరు చెప్పారు?"

"రవిచంద్ర."

జ్యోతిర్మయి నవ్వింది. ఆ నవ్వు చూసి జగన్నాథం కుర్చీ ఒక అంగుళం వెనక్కి జరుపుకున్నాడు. రవిచంద్ర పేరుకి నెట్‌వర్క్ కన్సల్టెంట్, లెక్కకి కోబాల్ట్ ముఠాలో మనం నాటిన మనిషి. సినిమా హీరో మొహం, తెల్ల లినెన్ షర్టు, గదికంతా సరిపోయే సెంటు. హెడ్డాఫీసులో అతని రిపోర్టు మీద సంతకం పెట్టని ఆఫీసరు లేడు.

"రీస్టార్ట్ ఆపించండి."

"అది పెట్టిన ఉచ్చు. దొంగ రౌటర్ మాట్లాడగానే రవిచంద్ర పట్టిస్తాడు. ఢిల్లీ ఆమోదం ఉంది."

"రౌటర్ ఎలా లేస్తుందో ఢిల్లీకి తెలుసా సార్? కరెంటు తగలగానే ముందు తన ఒళ్ళు తానే తడిమి చూసుకుంటుంది. అన్నీ ఉన్నాయనుకున్నాక ఫ్లాష్ మెమొరీలోంచి సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంటుంది. తర్వాత స్టార్టప్ కాన్ఫిగ్ చదువుతుంది. తన పేరేంటో, ఏ పోర్టు ఎటు పోతుందో అందులో ఉంటుంది. అంతవరకే. దారులు దానికింకా తెలీవు. ప్రతి పోర్టులోంచీ పది సెకన్లకోసారి హలో అంటుంది. పక్క రౌటర్ పలికితే ఇద్దరూ తమకు తెలిసిన లింకుల జాబితాలు చూపించుకుంటారు. తన దగ్గర లేనివి అడిగి తీసుకుంటుంది. అప్పుడు ఎటు పోతే ఖర్చు తక్కువో లెక్క కట్టి రూటింగ్ టేబుల్ రాసుకుంటుంది."

"పక్కవాడు అబద్ధం చెబితే?"

"నమ్ముతుంది. నా మీదుగా పోతే అన్ని ఊళ్ళకీ ఖర్చు ఒకటేనని వాడు చెబితే, నాలుగు రాష్ట్రాల ఆదేశాలూ తీసుకెళ్ళి వాడి చేతిలో పోస్తుంది. నడిచే టేబుల్లో దూరితే అలారం మోగుతుంది. ఖాళీ టేబుల్లో అయితే ఎవరికీ తెలీదు. అందుకే ఈ రీస్టార్ట్ కోసం కూర్చున్నారు."

"కీ చెప్పని పొరుగుని నమ్మకూడదనే కదా కీ ఉన్నది, ఆ కీ సత్యనారాయణ..."

"అమ్మలేదు!" టేబుల్ మీద టీ గ్లాసు ఎగిరిపడింది. "పన్నెండింటికి దొంగ రౌటర్ గెలిస్తే ఈ ఫైలు మూసేస్తారు. మాస్టారు జన్మజన్మలకీ ద్రోహిగా మిగిలిపోతాడు. నేను మిగలనివ్వను."

పదిన్నరకి ఆమె రైల్వే కాలనీలో ఉంది. క్వార్టర్ తలుపు ఓరగా వేసి ఉంది. సత్యనారాయణ భార్య కనకమహాలక్ష్మి గడపలోనే కూర్చుని ఉంది.

"ఏటి జ్యోతీ, మీ మాస్టారు దేశాన్ని అమ్మీసేరటే?" ఆవిడ ఏడవడం లేదు. గొంతు మాత్రం తుప్పు పట్టిన రంపంలా ఉంది. "నల్లా కాడ ఒక్కరూ నాతోటి మాటాడ్డం లేదు. ముప్ఫై ఏళ్ళు కలిసి నీళ్ళు పట్టుకున్నోళ్ళమే! ఆయన శవం లెగిసిన మర్నాడు ఆఫీసోళ్ళొచ్చి బీరువా అంతా ఎతికేసేరు. ఏటి దొరికింది? నా గాజులు దొరికేయి."

జ్యోతిర్మయి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. "అమ్మగారూ, మాస్టారు ఆ రోజు వేసుకున్న చొక్కా ఉందా?"

"హాస్పటలోళ్ళు మూట కట్టి ఇచ్చేరు. ఇప్పలేదు. ఇప్పలేకపోయేను."

మూటలో చొక్కా, జేబులో నాలుగు మడతల కాగితం. చూడగానే ఆమెకి తెలిసిపోయింది. రైల్వేలో ఒక స్టేషన్ మాస్టరు పక్క స్టేషన్‌తో బండికి లైన్ ఇచ్చుకునేటప్పుడు ప్రైవేట్ నంబర్ చెబుతాడు. నంబరు లేకుండా తన కన్నతండ్రి గొంతు వినిపించినా బండి వదలడు. ఒకసారి వాడిన నంబరు కొట్టెయ్యాలి, మళ్ళీ వాడకూడదు. ఆ అలవాటు సత్యనారాయణ రౌటర్లకీ అంటించాడు. కీలకి వరుస నంబర్లు, తేదీ, పక్కన తర్వాతి డ్యూటీ అందుకునే రిలీవర్ సంతకం గడి.

పన్నెండో కీ కొట్టేసి ఉంది. పదమూడో కీ ఎదురుగా శనివారం తేదీ, ఉదయం పదకొండూ నలభై.

"శుక్రవారం నాడు అన్నం తింటా అన్నారు," కనకమహాలక్ష్మి చెప్పింది. "ఆ అత్తరు బాబు మీద నాకు అనుమానంగుందే, రేపు నంబరు మార్చెస్తాను, ఆడికి సెప్పను అని. మీ మాస్టారికి నోట్లో మాట దాగదు గదా. నాకు సెప్పేరు. ఆడి మీద అనుమానమని ఇంకెవలికి సెప్పేరో!"

పన్నెండో కీ తెలిసినవాళ్ళు ఇద్దరే: సత్యనారాయణ, రవిచంద్ర. పదమూడు తెలిసినవాడు ఒక్కడే, వాడు వంతెన మీద పోయాడు. జ్యోతిర్మయికి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం చూపు ఆఖరి గడి మీద పడింది. రిలీవర్ సంతకం లేదు.

 రిలీవర్ సంతకం పడేదాకా ఏదీ పక్కా చెయ్యకూడదన్నది ఆయన నియమం. సాయంత్రం ఛార్జి అప్పగించాకే కొత్త కీని శాశ్వత మెమొరీలో సేవ్ చేసేవాడు. అంటే, పక్క రౌటర్లకి ఆయన అప్పుడే ఎక్కించినా, పదమూడు సర్కండా రౌటర్లో ఇంకా తాత్కాలిక మెమొరీలోనే నడుస్తోంది. పన్నెండింటికి కరెంటు పోయి వస్తే అది ఎగిరిపోతుంది. స్టార్టప్ కాన్ఫిగ్‌లోంచి మళ్ళీ పన్నెండో కీ, రవిచంద్రకి తెలిసినదే, లేచి కూర్చుంటుంది. నియమం తప్పని మనిషి నియమమే ఆయన పీక మీదికి వచ్చింది.

ఫోన్ చేస్తే జగన్నాథం, "ఢిల్లీకి నోట్ పెడతాను, సాయంత్రానికి జవాబొస్తుంది," అన్నాడు. ఆమె ఏమన్నదో ఇక్కడ రాయడం బాగుండదు.

పదకొండూ నలభైకి సర్కండా కంట్రోల్ సెంటర్ గేటు దగ్గర పచ్చ జాకెట్టు, పసుపు హెల్మెట్, చేతిలో బ్యాటరీ టెస్టర్‌తో ఒక యూపీఎస్ ఇన్‌స్పెక్టరమ్మ దిగింది. గార్డుకి హిందీలో నాలుగు చీవాట్లు పెట్టింది, రిజిస్టర్ సరిగ్గా లేదని. వేషం బాగా కుదిరింది. కోపం మాత్రం వేషం కాదు.

మాస్టారి క్యాబిన్‌కి సీలు. బ్యాటరీ టెస్టర్‌ని ఎలక్ట్రానిక్ తాళానికి ఆనించి మీట నొక్కింది. దాని అసలు పని అదే. తొంభై సెకన్లు పట్టాల్సింది ఆరు నిమిషాలు పట్టింది. విభాగం కొనే సామాను అలాగే ఉంటుంది. లోపల టెర్మినల్ వెలుగుతూనే ఉంది. భోజనం చేసి వచ్చి సేవ్ చేద్దామని ఆయన తెరిచి వెళ్ళిన సెషన్ మూడు రోజులుగా అలాగే కాచుకుని ఉంది.

గడియారం 11:58. ముందుగా సెంటు వాసన, ఆ వెనకే గొంతు వచ్చింది.

"హెల్మెట్ నీకు నప్పింది జ్యోతిర్మయీ. కీబోర్డు మీంచి చెయ్యి తియ్యి."

రవిచంద్ర గుమ్మంలో నిలబడ్డాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ కూడా అతని షర్టులాగే ఇస్త్రీ చేసినట్టుంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి ఈ సెంటు తగిలి ఉండదు.

"మాస్టారు కీ అమ్మాడని రాశావు," ఆమె వెనక్కి తిరగకుండా అడిగింది. "ఏ కీ?"

"ఏ కీ ఏమిటి? ఉన్నది ఒక్కటేగా."

"అచ్ఛా. అయితే నీకు తెలీదన్నమాట."

అతని కనుబొమలు ముడిపడ్డాయి. ఆ అరక్షణం చాలు. చక్రాల కుర్చీని మడమతో వెనక్కి తన్నింది. అది అతని మోకాళ్ళకి తగిలింది. గుండు గోడ మీది వైట్‌బోర్డులో దిగింది. రెండో గుండు పేలేలోపు పసుపు హెల్మెట్ గాలిలో తిరిగి వచ్చి సినిమా హీరో ముక్కు మధ్యలో పడింది. "ఇది వంతెన మీద బ్రేకు వెయ్యనందుకు," అంది. రెండోసారి కొట్టింది. దేనికో చెప్పలేదు.

11:59:51.  సేవ్ చేసే ఆదేశం, రైట్ మెమొరీ అని కొట్టింది. అక్షరం తప్పు పడింది. చెరిపింది. మళ్ళీ కొట్టింది. ఎంటర్.

11:59:58కి తెర మీద ఓకే అని పడింది. రెండు సెకన్ల తర్వాత ర్యాక్‌లో ఫ్యాన్లు ఆగిపోయాయి.

తర్వాత ఎంతసేపో ఏమీ లేదు. ఉన్నట్టుండి ఫ్యాన్లు హోరెత్తాయి. రౌటర్ తన ఒళ్ళు తడుముకుంది. సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంది. కాన్ఫిగ్ చదివింది. దీపాలు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. హలో, హలో, హలో. మొదటి పొరుగు పలికింది. రెండోది. మూడోది. ముగ్గురూ పదమూడుతోనే పలికారు. నాలుగో పోర్టులో, ఊళ్ళో వ్యాపార్ విహార్ పేటకి పోయే లైన్ మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: కీ 12, చెల్లదు. పది సెకన్లాగి మళ్ళీ: కీ 12, చెల్లదు. దొంగ రౌటర్ ఆపకుండా తనని తానే పట్టిస్తోంది.

ఆమె ఫోన్ తీసింది. "సార్, వ్యాపార్ విహార్ లైన్. రైడ్ చేయించండి. మాస్టారు కీ అమ్మి ఉంటే పదమూడు అమ్మేవాడు, పనికిరాని పన్నెండు కాదు. ఆ పన్నెండు తెలిసిన రెండోవాడు ఇక్కడ నేల మీద ముక్కు పట్టుకుని కూర్చున్నాడు. మీ ఢిల్లీకి నోట్ పెట్టుకోండి."

వ్యాపార్ విహార్‌లో ఓ ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్లో కారం బస్తాల వెనక దొంగ రౌటర్ దొరికింది. దానితోపాటు ముగ్గురు మనుషులూ, నంబర్ ప్లేట్ లేని టిప్పరూ.

నాలుగింటికి ఆమె జగన్నాథాన్ని రైల్వే కాలనీకి లాక్కొచ్చింది. ఉత్తరం పోస్టులో పంపుదామని ఆయన అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. క్వార్టర్ ముందు నిలబడి ఆయన కాగితం విప్పాడు. స్వర్గీయ సత్యనారాయణ నిర్దోషి అనీ, విధి నిర్వహణలో ప్రాణమిచ్చారనీ గొణిగినట్టు చదివాడు.

కనకమహాలక్ష్మి చివరిదాకా విన్నది. "ద్రోహి అని రాసిన కాయితం ఎవులు రాసేరు బాబూ?"

జగన్నాథం నేల చూశాడు. "నేనేనమ్మా."

"అయితే మళ్ళీ సదవండి. గట్టిగా. పక్క క్వార్టర్లోళ్ళకి చెవుడు."

ఆయన గొంతు సవరించుకుని రెండోసారి అందుకున్నాడు. నల్లా దగ్గర బిందెలు ఆగాయి, తలుపులు తెరుచుకున్నాయి. పక్క క్వార్టర్లో ఎవరికీ చెవుడు లేదని జ్యోతిర్మయికి తెలుసు. మూడోసారి చదవడం అయ్యేదాకా చీఫ్‌తో ఆ మాట చెప్పలేదు.