బానెట్ కింద బొట్లు

దసరా తెల్లారి పొద్దున పదింటికి, తన కారు స్టార్ట్ కావొద్దని మొక్కుకుంటున్నవాడు ఉప్పల్ మొత్తంలో ఒక్కడే. హృషికేశ్.

మొక్కుతోనే ఆగలేదు. పొద్దున్నే బానెట్ ఎత్తి, ఇంజిన్‌కు పెట్రోలు తోడే పంపు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు కూడా. పదకొండింటికి అన్నోజిగూడలో పెళ్లిచూపులు మరి! పై వాటాలో అద్దెకుండే ప్రవీణకు చెప్పాలనుకున్న మాటేమో రెండేళ్లుగా గొంతులోనే ఉండిపోయింది.

తండ్రి బాలనర్సింహ ఇస్త్రీ చొక్కా నలగకుండా స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పాడు.

టిక్.

మళ్లీ తిప్పాడు. టిక్.

హృషి ఉలిక్కిపడ్డాడు. ఇదేంటి! పంపు ఫ్యూజు లేకపోతే ఇంజిన్ గుర్రు గుర్రుమని తిరగాలి, అంటుకోకూడదు, అంతే. వంద వీడియోలు చూసి మరీ చేశాడు. మరి ఈ టిక్ ఎక్కడిది?

"నిన్ననే గద దీనికి గుమ్మడికాయ కొట్టినం! ఏం రోగమొచ్చిందిరా?"

"అపశకునం నాయినా. పోవుడు బంద్ చేద్దాం."

"నీ శకునం పాడుగాను! ప్రవీణమ్మా, జర కిందికి రా బిడ్డా!"

హృషి గుండె కూడా టిక్కుమంది. ప్రవీణ నాచారంలో ఒక ఫ్యాక్టరీలో మెషిన్ల మెయింటెనెన్స్ చూస్తుంది. మొండికేసిన మెషిన్ ఆమెను చూస్తే సిగ్గుపడి తిరుగుతుందని పేరు. తడి జుట్టుతో, చేతిలో పానాతో గబగబా మెట్లు దిగింది. సంగతేంటో చెప్పకముందే పానా ఎందుకు తెచ్చిందో ఎవరికీ తట్టలేదు.

"ఏమైంది, పెండ్లికొడుకు గారూ?"

"ఇంకా కాలే."

"గులాబీ రంగు చొక్కానా? అది కూడా ఇంత పల్చగ! పిల్ల పరేషానైతది."

"అయితే నీకేంది?"

"నాకేముంటది? నాకు బండి పని."

గేరు చూసింది. పెట్రోల్ చూసింది. చివరికి వంగి టైర్లు కూడా చూసింది.

"టైర్లకు, స్టార్టింగుకు ఏం సంబంధం?"

"అన్నీ వరుసగ చూడాలె. నీ వీడియోలల్ల చెప్పలేదా?"

"టిక్కంటే ఫస్ట్ చూసేది బ్యాటరీ గద!" అనేసి నాలుక కరుచుకున్నాడు హృషి. బండి బాగుపడితే కొంప మునిగేది తనదే!

"బ్యాటరీ మస్తుగుంది."

"చూడకుండనేనా?"

"నాకు దూరంకెళ్లే తెలుస్తది," అంటూ బానెట్ లేపి, పానా కొసతో ఫ్యూజుల డబ్బా మూత ఎత్తింది. సరిగ్గా అప్పుడే సన్నగా తుంపర మొదలైంది. బానెట్ కింద ఇద్దరి తలలూ దగ్గరయ్యాయి.

"ఈడ ఫ్యూజేది?" గుసగుసగా అడిగింది.

"ఎలుకలు..."

"ఎలుకలు గులాబీ చొక్కాలేసుకుంటయా?"

పల్చటి జేబులోంచి నీలం ఫ్యూజు నిక్షేపంగా కనబడుతోంది.

"ఎందుకు తీసినవ్ హృషీ?" ఈసారి ఆమె గొంతులో వెక్కిరింత లేదు.

వాడు నోరు తెరిచాడు. ఈలోపే వెనకనుంచి బాలనర్సింహ అరిచాడు. "ఇగ చాలు! క్యాబ్ బుక్ చేసిన. నాలుగు నిమిషాలల్ల వస్తది!"

రెండేళ్లలో చెప్పలేనిది నాలుగు నిమిషాల్లో ఎట్లా చెప్పాలి?

"దేవుని బొట్టు పెట్టిన బండి ఎట్ల స్టార్టుగాదు? నేను చూస్త, జరుగున్రి," అంటూ నానమ్మ ఉప్పలమ్మ వచ్చింది. నిన్న ఆయుధ పూజలో ఆమె దేన్నీ వదల్లేదు. ఫ్యూజుల డబ్బా మూతకు కుంకుమ, బ్యాటరీకి చిక్కగా పసుపు. ఇప్పుడు కుంకుమ చెరిగి ఉంది. పసుపూ చెరిగి ఉంది.

"నా బొట్లు ఎవరు చెరిపిన్రు? చేతులు సూపెట్టున్రి!"

హృషి బొటనవేలు ఎర్రగా ఉంది.

ప్రవీణ చేతులు వెనక్కి దాచింది. ఉప్పలమ్మ లాగి చూసింది. కడిగినా పోని పసుపు, రెండు వేళ్ల నిండా.

హృషి బ్యాటరీ వైపు చూశాడు. వైరు పట్టీ నట్టు వదులుగా వేలాడుతోంది.

"నువ్వా?!"

"ఒక్క నట్టే," అంది నేల చూస్తూ. "నువ్వు అన్నోజిగూడకు పోతవని..."

"నేనెందుకు పోత? పోవద్దనే గద ఫ్యూజు పీకిన! నీకోసమే గద!"

రెండేళ్ల మాట, తుంపరలో, అందరి ముందూ, అరిచినట్టే బయటికొచ్చింది.

బాలనర్సింహ నోరెళ్లబెట్టాడు. "అమ్మా, అన్నోజిగూడోళ్లకు నేనేం చెప్పాలె?"

"బండి ఖరాబైందని, తప్పైందని చెప్పు. అబద్ధం గాదు గద. నా పసుపు కుంకుమ ఈళ్ల చేతులకే అంటింది, ఇంక ఏం జూస్తవ్?" ఉప్పలమ్మ మెట్లవైపు తిరిగి కేకేసింది. "శ్యామలమ్మా! నీ బిడ్డను అడగొస్తున్నం, చాయ్ పెట్టు!"

పై నుంచి ప్రవీణ తల్లి గొంతు వినిపించింది. "ఎప్పుడొస్తవ్ అత్తా?"

"ఇగో, మెట్లెక్కుతున్న!"

ప్రవీణ నట్టు బిగించింది. హృషి ఫ్యూజు పెట్టి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే బండి అందుకుంది.

"ఇప్పుడెందుకు స్టార్ట్ చేసినవ్?" నవ్వింది ప్రవీణ. "పద్దెనిమిది మెట్లే గద!"

వాడు ఆమె వెనకే పరిగెత్తాడు. గేటు బయట క్యాబ్, గేటు లోపల కారు, చాయ్ అయ్యేదాకా గుర్రుమంటూనే ఉన్నాయి.