అందినట్టు రాసిన ఉత్తరాలు

పొద్దున్న ఎనిమిదిన్నరకే ఆమె మూడో పంట్లాం అంచు మడుస్తోంది. డ్రైక్లీనింగ్ షాపునుంచి వచ్చే బట్టలు సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చేయాలి. రెండు గదుల ఇంట్లో కిటికీ పక్కన ఆమె కుట్టుమిషను, ఎదుటి గోడవారగా కూతురి బల్ల. ఒకే గదిలో ఉన్నా పూటలకి పూటలు ఇద్దరి మధ్యా మాట ఉండదు. ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్ళినా, మెట్ల మీద అడుగుల చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా చెవి ఒగ్గి వినడం ఆమెకి ఏళ్ళనాటి అలవాటు. అలాంటిది ఇవాళ కూతురు పనికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. ఎవరైనా బయటికెళ్తే భయపడే ఆమెకి అదీ భయంగానే ఉంది.

"ఆ పరీక్ష ఎన్నింటికే?"

"పరీక్ష కాదమ్మా, దరఖాస్తు. పన్నెండింటితో గడువు అయిపోతుంది."

"నువ్వు ఎక్కడికైనా వెళ్ళాలా?"

"వందోసారి చెప్తున్నా, ఎక్కడికీ వెళ్ళను. ఇదే కుర్చీ, ఇదే నడుంనొప్పి. మెంటర్‌షిప్ అంటే మూడు నెలలపాటు ఒక పెద్ద ఇంజినీరు ఆన్‌లైన్‌లో నా పని చూసి దిద్దుతాడు. రెండు వేలమంది అడుగుతుంటే ఇరవై మందిని తీసుకుంటారు. ఆ ఇరవైలో నేను గానీ ఉంటే, గోడౌన్‌లో డబ్బాల మీద అంకెలు కొట్టే పని తప్పుతుంది."

"ఇంతకీ ఏం పని అది?"

కూతురు కుర్చీ ఇటు తిప్పింది. ఎప్పుడో గానీ అలా తిప్పదు. "నువ్వు ఎవరికో సాయం పంపావనుకో. అది ఎన్ని చేతులు మారింది, చివరికి అందిందా లేదా, అంతా ఒక పుస్తకంలో పడుతుంది. ఆ పుస్తకం ఒక్కళ్ళ దగ్గర ఉండదు. వేల కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది. ఒకడు తన దగ్గరున్నది దిద్దినా మిగతావాళ్ళు ఒప్పుకోరు. బ్లాక్‌చెయిన్ అంటే అదే."

"అంటే, ఒకసారి రాస్తే చెరగదు."

"చెరగదు. అబద్ధం దాగదు."

ఆమె సుద్దగీతకి అరంగుళం కిందుగా కుట్టేసింది. మళ్ళీ విప్పదీయాల్సి వచ్చింది.

"సాయం లెక్కలు చూసే ఈ ప్రాజెక్టే ఎందుకు కావాలి అని ఒక ప్రశ్న అడిగారు," అంది కూతురు, గొంతు కొంచెం తగ్గించి. "అన్నయ్య గురించి రాశాను."

ఆ ఇంట్లో పెద్దోడి మాట వచ్చి ఎన్నాళ్ళయిందో. గుండెజబ్బుతో తొమ్మిదో ఏట పోయాడు. అప్పటికి కూతురికి మూడేళ్ళు. జబ్బు పిల్లల్ని చూసే సంస్థ ఒకటి వాడికో దాతని కుదిర్చింది. ఆవిడ మూడు నెలలకోసారి బట్టలు, పుస్తకాలు, రంగు పెన్సిళ్ళు పార్సిల్ చేసేది. అందినట్టు పదిహేను రోజుల్లోగా పిల్లాడు తన చేత్తో ఉత్తరం రాయాలి. ఉత్తరం రాకపోతే తర్వాతి పార్సిల్ రాదు. అదీ నియమం.

"ఆ సంస్థ మూతపడింది కదా, పాత రిజిస్టర్లన్నీ నెట్‌లో పెట్టారు. నేను చూశాను," అంది కూతురు. "అన్నయ్య పోయాక ఎనిమిది పార్సిళ్ళు వచ్చాయమ్మా. ఎనిమిదింటికీ 'పిల్లవాడి ఉత్తరం అందింది' అని రాసుంది. చచ్చిపోయిన పిల్లాడు ఉత్తరం ఎలా రాస్తాడు? పార్సిళ్ళు తెచ్చిచ్చే సంస్థ మనిషి, చిన్నప్పుడు సంచి తాతగారు అనేవాళ్ళమే, ఎనిమిదిచోట్లా ఆయన సంతకమే. పెద్దమనిషి పార్సిళ్ళన్నీ బాగానే తిన్నాడు. ఆయన పేరు కూడా రాశాను."

మిషను ఆగిపోయింది.

"అది తీసెయ్యి."

"ఎందుకు తీస్తాను? దొంగని దొంగ అనకూడదా?"

"తీసెయ్యమన్నానా."

"నువ్వెప్పుడూ ఇంతే. నెత్తిన ఎక్కి తొక్కినా నోరెత్తవు. పోనీ అన్నయ్య గురించైనా ఎప్పుడైనా మాట్లాడావా? వాడి ఫోటో బీరువా అడుగున పడేశావు. వాడు ఎలా నవ్వేవాడో నాకు తెలీదు. నా అన్నయ్య నాకు రిజిస్టర్లో కనిపించాడమ్మా, నీ నోట కాదు."

ఆమె దారం తెంపింది. సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది.

"ఆ ఉత్తరాలు నేనే రాశాను."

కూతురు తెరమీద ఆ రిజిస్టర్ మళ్ళీ తెరిచింది.

"ఎడమ చేత్తో రాశాను. వాడి అక్షరాలు అలాగే పక్కకి వాలి ఉండేవి."

"పార్సిల్ కోసమా?"

"పార్సిల్ ఎవడిక్కావాలి? ఆవిడ అందులో చీటీ పెట్టేది. ఊడిన పన్ను మళ్ళీ వచ్చిందా, లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయి అని అడిగేది. వాడు పోయిన నెలకే చుట్టాలు వాడి మాటెత్తడం మానేశారు. నన్ను చూస్తే వీధి మారేవాళ్ళు. వాడి గురించి అడిగే మనిషి భూమ్మీద ఆవిడ ఒక్కతే మిగిలింది. జవాబివ్వకుండా ఎలా ఉండను?"

"మరి ఆ తాతగారు?"

"అంతా తెలుసు ఆయనకి. మొదటి ఉత్తరం చేతిలో పెడితే నా మొహం చూశాడు. జేబులో పెట్టుకుని, 'బాబు బడికెళ్ళాడా అమ్మా' అన్నాడు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా అదే మాట."

కూతురు అడిగింది. "ఏం రాసేదానివి?"

"పెరిగాడని. పన్ను వచ్చిందని. చెల్లెలికి చెప్పులేసుకోవడం నేర్పాడని. అది ఎడమదీ కుడిదీ మార్చేసుకుంటోందని విసుక్కున్నట్టు కూడా రాశాను."

"నిజంగా ఎవరు నేర్పారు నాకు?"

ఆమె జవాబు కోసం వెతికింది. ఏదీ గుర్తు రాలేదు. ఆ రెండేళ్ళ ఉత్తరాల్లో పెద్దోడు ఏ నెలలో ఎన్ని అంగుళాలు పొడుగయ్యాడో చెప్పగలదు. పక్కనే తిరిగిన మూడేళ్ళ పిల్ల ఏం తిందో, ఎప్పుడు పడుకుందో చెప్పలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళకి ఇప్పుడే ఆమెకి తట్టింది.

"తెలీదు తల్లీ," అంది. కళ్ళు తుడుచుకోలేదు. "లేనివాణ్ణి పెంచుతూ కూర్చున్నాను. నిన్ను చూడనేలేదు."

కూతురు తల అటు తిప్పుకుని, "ఎలా ఆపావు మరి?" అంది.

"ఇల్లు మారుతున్నాం, చాలా దూరం వెళ్తున్నాం, ఇంక సెలవు అని రాశాను. పోయాడని రాయలేకపోయాను. ఆవిడ లెక్కలో వాడికిప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ ఉంటాడు. వాడు బతికున్నది ఆ ఒక్కచోటే."

పదకొండున్నర అయింది. కూతురు తెరవైపు తిరిగి రాసినదంతా చెరిపేసింది.

"ఇప్పుడేం రాస్తావు?"

"అందరూ రాసేదే. నలుగురికీ మేలు చెయ్యాలని ఉంది అని."

"అందరూ రాసేది రాస్తే రెండువేల మందిలో నిన్నెవరు చూస్తారు? జరిగింది జరిగినట్టు రాయి."

"తీసుకున్నవాళ్ళ జవాబులు అందరికీ కనపడేలా పెడతారమ్మా. ఆవిడ కంటపడొచ్చు. ఆ ఒక్కచోటు కూడా పోతుంది."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. వీధిలో ఎవరో సైకిల్ మీద వెళ్ళిపోయారు. వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసింది.

"పోనీలే," అంది. "ముందు నేనే చెప్తాను. పార్సిళ్ళ మీద ఉండే ఆవిడ చిరునామా నాకు నోటికొచ్చు. నువ్వు రాయి."

కూతురు రాసింది. ఏ ఏడాది, ఏ నెల అని మధ్యమధ్య అడిగింది. ఆమె చెప్పింది. అందులో తాతగారి పేరు లేదు. అందినట్టు రాసిన ప్రతిదీ అందినట్టు కాదని, అలాగని అది దొంగతనమూ కాదని, ఆ తేడా తెలుసుకునే పద్ధతి ఏదైనా ఉంటే తను నేర్చుకోవాలనుకుంటున్నానని చివర రాసి, పన్నెండుకి నాలుగు నిమిషాలుండగా పంపించింది. ఆ ఇరవైలో చోటు వస్తుందో రాదో ఇద్దరికీ తెలీదు.

మధ్యాహ్నం ఆమె పంట్లాలు పక్కకి జరిపి కాగితం తీసుకుంది. ఈసారి కుడిచేత్తో మొదలుపెట్టింది. వాడు పోయాడు అన్న రెండు మాటలకీ చాలాసేపు పట్టింది. తర్వాత, వాడికో చెల్లెలుంది, దాని గురించి మీకు ఉన్నవీ లేనివీ చెప్పాను అని రాసి ఆగింది.

"చెప్పులేసుకోవడం ఎలా నేర్చుకున్నావే?"

"మెట్లమీద కూర్చుని," అంది కూతురు. "పైవాటాలో పిల్ల ఉండేది కదా, అది వేసుకుంటుంటే చూసి. వచ్చేసిందని నీకు చూపించాను. నువ్వేదో రాసుకుంటున్నావు."

ఆమె అది కూడా రాసింది.