గువ్వకంది ఎవరి మాట వింది?

ఆకుకు క్లిప్పు తగిలించి, మొక్కల మీద పరిశోధన చేసే డాక్టర్ హైమ స్క్రీన్ వైపు చూస్తూ పిలిచింది. "ఇప్పుడు రామ్మా, మేకలతో సహా."

"వస్తా. తొందరపెట్టొద్దు. మేకలు నీ జీతగాళ్లు కాదు," అంది మేకలు కాసే సుంకులమ్మ.

ఎర్రబోడు కొండ మీద తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేని పొద గువ్వకంది. కంది కులానిదే, ఎర్రటి ఈనెలున్న పసుపు పూలు, రాయిలాంటి గింజ. మిగిలినవి రెండు వందల పొదలు. మేకలు వాటిని మేసేస్తున్నాయి కాబట్టి సుంకులమ్మను కొండ దించెయ్యాలని హైమ పట్టు. పుట్టిన కొండ దిగేది లేదని సుంకులమ్మ పట్టు. అందుకే ఈ లీఫ్ మీటర్. మొక్క బెదిరితే ఆకులో కరెంటు మారి ఎర్రలైటు వెలుగుతుంది. నిమ్మళంగా ఉంటే పచ్చలైటు.

మేకలు పరపరా కాయలు నమిలాయి. పచ్చలైటే.

"క్లిప్పు వదులైనట్టుంది," అంటూ హైమ చెయ్యి చాపింది. భగ్గున ఎర్రలైటు.

సుంకులమ్మ పగలబడి నవ్వింది. "దినామూ బ్లేడుతో కోసి సీసాల్లో పెట్టేదెవరో దానికి తెల్దా, తల్లీ?"

మూడు నెలలు పరీక్షించినా అదే తీరు. గింజ మేక కడుపులో పడి బయటికొస్తేనే మొలుస్తోంది. సుంకులమ్మ ఒక పూట కనబడకపోతే కొండంతా ఆకులు ముడుచుకుంటున్నాయి. హైమ పళ్లు కొరుక్కుంటూనే ఉన్నదున్నట్టు రిపోర్టు రాసింది. ప్రభుత్వం కొండ చుట్టూ కరెంటు కంచె వేసి, మొలకలతో సహా ప్రతి పొదకూ మీటరు తగిలించి, గేటును ఆ మీటర్లకు కలిపింది. ఎవరిని చూసి పొదలు బెదురుతాయో వాళ్లు లోపలికి రాకూడదు. పొదలకు కావలసినవాళ్లు బయటికి పోకూడదు. హైమ కంచె అవతలే ఉండిపోయింది.

బయటికి పోకూడదన్న సంగతి సుంకులమ్మకు ఎవరూ చెప్పలేదు. కిందూరి ఆసుపత్రిలో కూతురికి నొప్పులని, బిడ్డ అడ్డం తిరిగిందని కబురొచ్చిన పొద్దున తెలిసింది.

"తెరువు!" అని గేటును గుద్దింది.

"నా చేతిలో లేదమ్మా," అంది అవతలినుంచి హైమ. "మీరు లేకపోతే పొదలు బతకవు. గేటు వాటి మాటే వింటుంది."

"నా బిడ్డ మాట ఎవరు వింటారే?"

సుంకులమ్మ వెనక్కి తిరిగింది. ఆ వానకే మొలిచిన గువ్వకందిని రెండు చేతులా పట్టుకుంది. మొక్క బెదరలేదు, పచ్చలైటే. ఆమె కళ్లు మూసుకుని వేళ్లతో సహా పెరికేసింది. ఒకటి. ఇంకొకటి. ఏడోదానికి కొండంతా ఎర్రలైట్లు వెలిగాయి.

గేటు తెరుచుకుంది. ఆమె బయటికి రాగానే ధడాలున మూసుకుంది.

"ఎంత పని చేశారు! లోపల నలభై మేకలు... వాటిని తోలేదెవరు?"

"నువ్వే పో."

"నన్ను రానివ్వదు కదా!"

"నన్నూ రానివ్వదు," అంది సుంకులమ్మ, చేతులకంటిన మట్టిని హైమ తెల్లకోటుకు తుడుస్తూ. "సదువుకున్నదానివి. నిలబడి ఆలోచించు."

వెనక్కి చూడకుండా కొండ దిగింది.