ఖాళీగా తిరిగిన గ్రైండర్

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. వనపర్తి. రాఘవేందర్ హోటల్ వంటగది.

ఫ్రీజర్ గది ముందు నేల మీద నాగేంద్రమ్మ శవం. గిన్నెలు తోమే మనిషి. యాభై ఏళ్లుంటాయి. తోముడు నీళ్లకు తడిసిన చీర ఒంటి మీదే అట్టలా గడ్డకట్టింది.

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ రోహిణి గోడ పట్టుకుని నిలబడింది. ఆ పొద్దున పదకొండు నుంచి పన్నెండున్నర దాకా ఇదే వంటగదిని ఆమె తనిఖీ చేసింది.

"ఒంటి గంటకు మటన్ తెమ్మని లోపలికి పంపిన," అన్నాడు ఓనర్ రాఘవేందర్. "ఆయాసం మనిషి. అరగంటైనా బయటికి రాలే. పోయి చూస్తే అయిపోయింది."

ఎస్సై శ్రవణ్ కుమార్ రాసుకున్నాడు. సహజ మరణం.

"పొద్దున ఈ తలుపుకు రిపేర్ బోర్డు ఉండె," అంది రోహిణి. "మిషన్ నడుస్తలేదన్నరు."

"మీరు పోయినంక మెకానిక్ వచ్చి బాగుచేసిండు."

రోహిణి లోపలికి వెళ్లింది. అరల నిండా మటన్ సంచులు. తేదీ దాటి రెండు నెలలు. గోటితో గీకింది. రాయిలా ఉంది.

"గంటన్నరల ఇంత గడ్డకడతదా?"

"పాత మాల్ మీకు కనపడొద్దని బోర్డు పెట్టిన. తప్పే, కేసు రాసుకోండి. ఆమె చావుకూ దానికీ సంబంధమేంది?"

రోహిణి ఫోన్ తీసింది. తనిఖీ వీడియో. పదకొండు ఇరవై రెండు. సింకు, పొయ్యిలు, మూలన తిరుగుతున్న గ్రైండర్. దాని రొదకు వీడియోలో ఆమె గొంతే వినపడటం లేదు.

బొమ్మను పెద్దది చేసింది.

"ఎస్సై గారూ, చూడండి. పిండి లేదు. నీళ్లు లేవు. ఉత్త రాళ్లు."

"అయితే?"

"ఖాళీ గ్రైండర్ ఎవరూ తిప్పరు, రాయి అరిగిపోతది. తిప్పిండ్రంటే చప్పుడు కోసమే. ఇంకో చప్పుడు వినపడొద్దని."

శ్రవణ్ కుమార్ వంగి శవం చేతులు తిప్పి చూశాడు. తలుపు బాదినట్టు అరచేతుల అంచులు కమిలి నల్లబడ్డాయి.

"ఒంటి గంటకు లోపలికి పోలే ఆమె," అంది రోహిణి. "మాల్ సర్దనీకి నాకన్న ముందే పోయింది. నా జీపు చూసి బయట గడియ పెట్టిండ్రు."

వీడియోలో గ్రైండర్ పక్కన ఒకామె. జములమ్మ. నాగేంద్రమ్మ సొంత చెల్లెలు. ఎస్సై ఆమెను పిలిపించాడు.

"స్విచ్ ఎవరు వెయ్యమన్నరు?"

"ఓనర్ సార్."

"లోపల ఎవరున్నరో తెల్సా?"

జములమ్మ తల ఊపింది. "జమ్మీ, జమ్మీ అని అక్క పిలిచింది."

"మరి?"

"ఆపుదామని చెయ్యి పెట్టిన. ఆపితే ఇద్దర్ని పనిలకెళ్లి తీసేస్త అన్నడు సార్. పది నిమిషాల్ల మేడం పోతది అనుకున్న."

"నేనూ గట్లనే అనుకున్న," అన్నాడు రాఘవేందర్ విసుగ్గా. "పన్నెండుకు లోపల తలుపు కొట్టే చప్పుడు ఆగింది. అయిపోయినంక తెరిచి ఏం లాభం?"

శ్రవణ్ కుమార్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

జములమ్మ రోహిణి వైపు తిరిగింది. "మేడం, మీరు ఆ తలుపు పక్కనే నిలబడి రాసుకుంటుండ్రి. మీకేం వినపడలేదా?"

రోహిణి పెదవులు తడుపుకుంది.

"వినపడ్డది. గ్రైండరే అనుకున్న."