దేవదారుల మలుపులో వీపు చూపించకూడదు

తకాసావ ఊరి నుంచి సమాధుల కొండకు ఎక్కే దారిలో ఒక మలుపు ఉంది. దేవదారు చెట్లు, వాటి మొదట్లో నాచు పట్టిన రాళ్ళ గుట్ట. పగలు చూస్తే అంతే. చీకటి పడ్డాక మాత్రం... చెప్పు తెగినా సరే, ముల్లు దిగినా సరే, అక్కడ ఎవరూ ఆగరు. కుంటుకుంటూనైనా దాటిపోతారు.

ఎందుకో చెబుతాను. కాస్త దగ్గరికి జరగండి. బుద్ధుడి ముందు దీపం వెలుగుతూనే ఉంది, మనకేం భయం లేదు.

అవి ఉత్త రాళ్ళు కావు. సమాధులు. పేర్లు అరిగిపోయినవి, వచ్చి చెంబెడు నీళ్ళు పోసే నా అన్నవాళ్ళు లేనివి. ఓబోన్ పండుగ వచ్చిందంటే ఊరంతా కొండెక్కి ఎవరి పెద్దల్ని వాళ్ళు ఇంటికి తెచ్చుకుంటారు. సమాధికి వీపు పెట్టి, గొంతుక్కూర్చుని, చేతులు వెనక్కి కట్టి, "ఎక్కండి, ఇంటికి పోదాం" అంటారు. పసిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చి, ఇంట్లో పూజామందిరం ముందు దించుతారు. అలా ఊరి తాతలూ అవ్వలూ వీపులెక్కి వెళ్ళిపోతుంటే, మలుపులో వాళ్ళు చూస్తూ ఉంటారు. ఏటేటా... చూస్తూ ఉంటారు. కడుపు మండదా మరి?

ఈ సంగతి ఆ ఊరి పిల్ల చిసాతోకి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. తెలిసీ ఆ క్షణాన మరిచిపోయింది. అసూయ అలాంటిది.

చిసాతో పట్నంలో చదువుతోంది. అక్కడి విశ్వవిద్యాలయం వాళ్ళు వేసవిలో బయటి దేశాల విద్యార్థుల్ని పిలిపించి జపాను బతుకు నేర్పుతారు. టీ కలపడం, కుంచె పట్టడం అన్నీ అయ్యాక, ఓబోన్‌కి ఒక్కొక్కరిని ఒక్కో పల్లెటూరి ఇంటికి పంపుతారు. "మా బామ్మ దగ్గరికి ఒకరిని పంపండి" అని చెయ్యెత్తింది చిసాతోయే. బామ్మ మురిసిపోతుందని. అదీ తనను చూసి.

బామ్మ మురిసింది. కానీ వచ్చినదాన్ని చూసి!

వచ్చింది మారిత్. ఫిన్లాండు పిల్ల. గుమ్మం దాటినప్పుడల్లా తల తగిలేంత పొడుగు, తగిలినప్పుడల్లా గుమ్మానికే క్షమాపణ చెప్పేంత మర్యాద. పులిసి కంపు కొట్టే, తీగలు సాగే నాత్తో సోయా గింజల్ని అన్నంలో కలుపుకుని గిన్నె నాకేసింది.

"చూడవే," అంది కికుయో బామ్మ, "నువ్వూ ఉన్నావు, పుట్టినప్పటి నుంచీ ముక్కు మూసుకుంటూ!"

వేడినీళ్ళ తొట్టెలో మొదట దిగే వంతు మారిత్‌ది. చిసాతో దిగేసరికి నీళ్ళు చల్లారి ఉండేవి. బామ్మ నీలిరంగు వేసి కుట్టిన యుకతా, అదే వేసవి కిమోనో, మారిత్ ఒంటి మీదికి ఎక్కింది. పొట్టిదై మోకాళ్ళ దగ్గరే ఆగిపోయినా సరే, బామ్మ చప్పట్లు కొట్టింది.

పక్కింటి యొషినో అత్తయ్య గోడ మీంచి తొంగిచూసి నవ్వింది. "ఏమే చిసాతో, మీ ఇంటికి కొత్త మనవరాలు వచ్చిందటగా! మరి పాతదాన్ని ఎక్కడ పెడతారే, అటక మీదా?"

చిసాతో కూడా నవ్వింది. పళ్ళు నూరుతూ నవ్వడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

ఇవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఓబోన్ మొదటి రోజున వచ్చింది.

"ఈసారి తాతను మారిత్ మోసుకొస్తుంది," అంది బామ్మ, గుమ్మం ముందు పెద్దలకు దారి చూపే మంటకి పుల్లలు పేరుస్తూ. "పాపం, నేర్చుకోవడానికేగా ఇంత దూరం వచ్చింది."

తాత పోయినప్పటి నుంచీ ఆ వీపు చిసాతోదే. బతికున్నప్పుడు ఆయన వీపెక్కి ఊరంతా తిరిగింది కూడా ఆమే. ఆ బాకీ తీర్చుకునే వంతు... ఇప్పుడు ఎవరికో!

"నేను మోయనా?" అడిగింది చిసాతో.

"నువ్వెప్పుడూ మోసేదానివేగా అమ్మడూ. ఒక్కసారికి ఏమైంది?"

చిసాతో పూలు తెస్తానని చెప్పి, పొద్దు వాలుతుండగానే ఒక్కతే కొండెక్కేసింది. వాళ్ళకంటే ముందు తాతను తానే తెచ్చేసుకుంటే? ఆ పొడుగు పిల్ల వచ్చి ఖాళీ సమాధి ముందు గొంతుక్కూర్చుంటే? తలుచుకుంటేనే కడుపు చల్లబడింది.

తాత సమాధి ముందు వీపు తిప్పి కూర్చుంది.

"తాతా, ఎక్కు... త్వరగా."

లేచింది. ఏ బరువూ తెలియలేదు. ఎప్పుడూ తెలిసేది కాదు, అది నమ్మకమే. చేతులు వెనక్కి కట్టుకుని గబగబా దిగడం మొదలుపెట్టింది. చీకటి చిక్కబడుతోంది.

అప్పుడు కింద... లాంతరు. బామ్మా, మారిత్, ఎదురుగా ఎక్కి వస్తున్నారు.

పట్టుబడితే? సిగ్గుతో చావాలి! అటూ ఇటూ చూసి, దారి పక్క చీకట్లోకి దూరి, రాళ్ళ చాటున ముడుచుకుని కూర్చుంది. చేతులు వెనకే. తాతను జార్చకూడదుగా!

"చిసాతో రాదా బామ్మా?" మారిత్ గొంతు.

"దాని అలక అన్నం వేళ దాకానే. ఆకలేస్తే అదే వస్తుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. చిసాతో పెదవి కొరుక్కుంది.

లాంతరు దాటిపోయింది. లేవబోయింది...

లేవలేకపోయింది.

వీపు మీద — బరువు.

నిజమైన బరువు. రెండు చేతులు మెడ చుట్టూ బిగిశాయి.

ఒక్క క్షణం ఆమె గుండె పొంగిపోయింది. తాత! ఇన్నేళ్ళకు బరువు తెలిసింది! ఆ పిల్ల కోసం ఆగలేదు, నన్నే ఎంచుకున్నాడు! కళ్ళు చెమర్చాయి. బలమంతా కూడదీసుకుని లేచి, ఎటూ చూడకుండా, గర్వంగా ఇంటికి నడిచింది.

పూజామందిరం ముందు వంగింది. "వచ్చేశాం తాతా. దిగు."

దిగలేదు.

"తాతా... దిగు."

అప్పుడు తగిలాయి ఆమె నడుముకు రెండు పాదాలు. చల్లగా. చిన్నగా... అరచేతిలో పట్టేంత చిన్నగా.

తాత ఆరడుగుల మనిషి.

తను ఎక్కడ దాక్కుందో చిసాతోకి అప్పుడు గుర్తొచ్చింది. దేవదారులు. నాచు రాళ్ళు. వాటికి వీపు పెట్టి, గొంతుక్కూర్చుని, చేతులు వెనక్కి కట్టి...

గుమ్మంలో చప్పుడు. మారిత్ వంగి వంగి లోపలికి వచ్చింది, ఈసారి తల తగల్లేదు. వెనకే బామ్మ. మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, "దిగండి తాతగారూ" అంది. గాలి లేదు. అయినా కొవ్వొత్తి జ్వాల ఒక్కసారి వంగి లేచింది. బామ్మ రెండు చేతులూ జోడించింది. "వచ్చారా..."

చిసాతో చెవి పక్కన, తడి ఊపిరి లాంటి గుసగుస.

"ఆ అక్క ఎవరు?"

  బామ్మ వెనక్కి తిరిగి మనవరాలి ముఖం చూసింది, వెనక్కి బిగుసుకుపోయిన చేతులు చూసింది. కొండెక్కి దిగిన కాళ్ళ మట్టి చూసింది.

"ఎవర్ని తెచ్చావే?"

"తెలీదు బామ్మా... చిన్నవాడు."

బామ్మ తిట్టలేదు. తిడితే బావుండుననిపించింది చిసాతోకి. వంటింట్లోకి వెళ్ళి, తామరాకులో అన్నం, తరిగిన వంకాయ ముక్కలు, గిన్నెతో నీళ్ళు తెచ్చి వరండా చివర పెట్టింది. అయినవాళ్ళు లేనివాళ్ళకి అక్కడే పెడతారు.

"ఎవరి బిడ్డవో నాయనా. మా ఇంట్లో నీకూ ఉంది. దిగి తిను."

మెడ చుట్టూ బిగిసిన చేతులు వదులయ్యాయి. చిసాతో అక్కడే కూలబడి ఏడ్చింది. అమితాభ బుద్ధుడి కరుణకు నీవాళ్ళు, నావాళ్ళు అనే లెక్క లేదు, మనకే ఉంది.

పండుగ రోజులన్నీ వరండాలో ఆకు మారుస్తూనే ఉన్నారు. మార్చింది ఎవరనుకున్నారు? మారిత్! భయమే లేదు ఆ పిల్లకి. అన్నం పక్కన చక్కెర బిళ్ళలు పెట్టేది, తన భాషలో ఏవో జోలపాటలు పాడేది. చిసాతో తలుపు చాటు నుంచి చూసేది. "తెచ్చింది నేను, ముద్దు చేసేది ఇదా" అనుకునేది. భయపడాల్సిన చోట కూడా కడుపుమంటే!

పెద్దలను సాగనంపే సాయంత్రం వచ్చింది. తాతను ఎవరు మోయాలన్న మాట ఈసారి లేదు, బామ్మ ఆ వీపు మళ్ళీ చిసాతోకే ఇచ్చింది. తాతను కొండ మీద దించి, పరుగున వచ్చి, వరండా అంచున గొంతుక్కూర్చుంది. తెచ్చింది తనే కాబట్టి, దించి రావాల్సిందీ తనే.

"ఎక్కు నాయనా. నిన్నూ దించి వస్తాను."

ఏమీ ఎక్కలేదు. చాలాసేపు కూర్చుంది. మోకాళ్ళు నొప్పెట్టాయి.

"తనంతట తనే పోయి ఉంటాడులే," అంది బామ్మ.

తెల్లవారి బస్సు. మారిత్ పెద్ద సంచిని గుండెల మీద వేసుకుని నిలబడి ఉంది. ముందుకి తూలిపోతోంది పాపం. ఎంతైనా వెళ్ళిపోతోంది కదా అని చిసాతో మనసు మెత్తబడింది.

"అదేంటే, సంచి అలా వేసుకున్నావు? ఇటివ్వు, వీపుకి తగిలిస్తాను."

మారిత్ చటుక్కున ఒకడుగు వెనక్కి వేసింది. ఒక చెయ్యి వెనక్కి పోనిచ్చి, దేన్నో మెల్లగా పైకి సర్దుకుంది. పెదవుల మీద వేలు పెట్టి —

"ష్... ఇప్పుడే నిద్రపోయాడు."

బస్సు ఎక్కింది. తలుపు మూసుకుంది.

భయంతో పడిపోవాలి ఎవరైనా. చిసాతో పడిపోలేదు. పొగలో నిలబడి, పిడికిళ్ళు బిగించి, వెళ్ళిపోతున్న బస్సు వైపు చూస్తూ పళ్ళ సందున అంది —

"మోసుకొచ్చింది నేను... చివరికి వాడు కూడా దాని వెంటే!"