నిచ్చెన కింద పిచ్చుక

"హియర్ అంటే వినడం. లిసన్ అన్నా వినడమే. మరి తేడా ఏంటమ్మా?"

నిచ్చెన పట్టుకుని నిలబడిన పిచ్చుక అడిగింది. ఇంట్లో ఆ అమ్మాయిని అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. ఎందుకో, నోరు విప్పితే మీకే తెలిసిపోతుంది.

అమ్మ ఇళ్లకు రంగులు వేస్తుంది. ఆ రోజు బడికి సెలవు కాబట్టి పిచ్చుక కూడా వచ్చింది. ఖాళీ హాల్లో గోడ పై అంచు ఒక్కటే మిగిలింది. నిచ్చెన ఎక్కితే వాళ్లకో పద్ధతి ఉంది. అమ్మ పైనుంచి ఏం చెబితే, కింద ఉన్నవాళ్లు అదే మాట తిరిగి చెప్పాలి. ఆ తర్వాతే అమ్మ కాలు కదుపుతుంది.

"రేపు టీచర్ నన్నే అడుగుతారు. హియర్... లిసన్..."

"నిచ్చెన కింద షీటు జారుతోందే. నిచ్చెనకి కాలు అడ్డం పెట్టు. దిగుతున్నా," అంది అమ్మ.

"ఊఁ," అంది పిచ్చుక. మనసంతా టీచర్ ప్రశ్న మీదే ఉంది.

ఈ ఒక్కసారికి సరేలే అనుకుని అమ్మ కాలు దింపింది.

నేల మీద పరిచిన ప్లాస్టిక్ షీటు సర్రున జారింది. దానితోపాటు నిచ్చెనా జారింది. రంగు డబ్బా దభీమని పడింది. అమ్మ పక్కనున్న కిటికీ ఊచలు దొరకబుచ్చుకుని వేలాడింది.

పిచ్చుకకు గుండె ఆగినంత పనైంది. అమ్మ చేతులు జారిపోతే? కాళ్లు కదల్లేదు.

"పిచ్చుకా! ఇటు చూడు. షీటు లాగెయ్!"

"షీటు... లాగేస్తున్నా."

"నిచ్చెన గోడకి ఆనించు."

"గోడకి ఆనిస్తున్నా." నిచ్చెనను ఎత్తి ఆనించింది.

"కాలు అడ్డం పెట్టు."

"అడ్డం పెట్టా! పెట్టానమ్మా!"

అమ్మ పాదం గాల్లో తడుముకుని మెట్టు మీద ఆనింది. మెల్లగా దిగి, నేల మీద కూలబడి కూతుర్ని వాటేసుకుంది.

"ఇందాక నా మాట వినబడలేదా?"

"వినబడింది," పిచ్చుక వెక్కుతూ అంది. "కానీ నేను వినలేదు."

"నువ్వు ఊఁ అంటే నేనూ దిగిపోయాను. నాదీ తప్పే."

కాసేపటికి అమ్మ లేచి బ్రష్ అందుకుంది.

"ఇంక ఎక్కొద్దమ్మా!"

"ఎక్కకపోతే ఆ అంచు దానంతటదే రంగు పూసుకుంటుందా?"

పిచ్చుకకు నవ్వు రాలేదు. భయం ఇంకా పోలేదు. నిచ్చెనను రెండు చేతులా పట్టుకుంది. కాలు అడ్డం పెట్టింది. తలెత్తి అమ్మ ముఖం వైపే చూసింది.

"కుడికాలు పెడుతున్నా."

"కుడికాలు. పట్టుకున్నా, పెట్టమ్మా."