మింగేసిన అక్షరం

మొరాకోలోని ఫెస్ నగరంలో రాగి పనివాళ్ళ చౌకు పైన, రెండో అంతస్తులో డిటెక్టివ్ సీ మెక్కీ ఆఫీసు. అక్కడ మర్యాదకి మగవాళ్ళని 'సీ' అనీ ఆడవాళ్ళని 'లల్లా' అనీ పిలుస్తారు. కింద పొద్దున లేస్తే సుత్తుల మోత. ఆ మోతకి గోడమీది బల్లులు చెవిటివైపోయాయనీ, నల్లులు పక్క వీధికి కాపురం మార్చాయనీ చెప్పుకుంటారు. బల్లుల సంగతి తెలీదుగానీ నల్లులది మాత్రం నిజం. అంతటి మోతనీ తొక్కేస్తూ ఆ బుధవారం పొద్దున మెట్ల మీద ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"నన్ను చంపేశారు! ఎవడు చంపాడో చెప్పేదాకా ఇక్కణ్ణించి కదలను!"

సహాయకురాలు నజ్హా ఉలిక్కిపడి లేచి కుర్చీ జరిపింది. సీ మెక్కీ ఉలిక్కిపడలేదు. ఆయన బుర్ర మీద నజ్హాకి ఎంత నమ్మకమంటే, ఆయన తుమ్మినా అందులో ఏదో ఆధారం దొరికి ఉంటుందనుకునేది.

"చచ్చినవాళ్ళు ఇంత గట్టిగా అరవరు లల్లా. కూర్చోండి," అన్నాడాయన, ఆలివ్ గింజని గుప్పిట్లోకి ఉమ్మి.

ఆమె పేరు జుహూర్. భర్త పోయాక కఫ్తాన్ల కొట్టు, అంటే పెళ్ళికూతుళ్ళు తొడుక్కునే పొడుగు అంగీల కొట్టు, తనే నడుపుతోంది. అరిచి అరిచి గొంతెండిపోయిందేమో, "కాస్త అహ్వా ఉంటే పొయ్యండి," అంది. నజ్హా నవ్వాపుకుంది. కహ్వా అంటే కాఫీ. పాత ఫెస్ ఇళ్ళవాళ్ళు గొంతు అడుగునుంచి రావాల్సిన ఆ 'క'ని పలక్కుండా మింగేస్తారు. నజ్హాది మెక్నెస్. అక్కడ మింగరు.

"మా సైటు చచ్చిపోయింది," అంది జుహూర్ కప్పు దించి. "నిన్నటిదాకా ఫెస్ కఫ్తాన్ అని ఎవరు వెతికినా సెర్చ్‌లో మొదట మా పేరే. పారిస్ నుంచి, బ్రస్సెల్స్ నుంచి పెళ్ళికూతుళ్ళు అక్కణ్ణించే వచ్చేవాళ్ళు. ఇప్పుడు చూడండి, అడుగున కూడా లేం. అడ్రస్ తెలిసి నేరుగా కొడితే సైటు తెరుచుకుంటోంది. ఇల్లుంది, తలుపు తీసే ఉంది. కానీ ఊళ్ళో ఎవర్నడిగినా అలాంటి ఇల్లే లేదంటున్నారు!"

"దానివల్ల మీకేమవుతుంది?"

"శుక్రవారం కస్కస్ తిన్నాక మా అత్త కొట్టు తాళం ఎవరికో తేలుస్తానంది. కొట్టు ఆవిడ పేరు మీదుంది. 'నా కొడుకు నిలబెట్టినదాన్ని నువ్వు పాడుపెట్టావు, ఇక మా ముఫద్దల్ చూసుకుంటాడు' అంటోంది. ముఫద్దల్ నా మరిది. ఆ కొట్టు పోతే నేనెక్కడ కూర్చోవాలి? వాళ్ళ వంటింట్లోనా?"

సీ మెక్కీ గింజ బుట్టలో వేశాడు. "సైటు అడ్రస్ మార్చారా?"

"లేదు."

"ఫొటోలు?"

"బరువెక్కువై పేజీ తెరుచుకునేలోపు పెళ్ళికూతురు ముసలిదైపోతోందని మా మరిదే కూర్చుని తేలిక చేశాడు."

"అంటే పాస్‌వర్డ్ ఇచ్చారు."

"ఇవ్వకపోతే గోడ దూకి వెళ్తాడా?"

"సైటు కట్టిందెవరు?"

"అన్వర్ అని ఒక దరిద్రుడు. పేజీ అడుగున తెల్ల రంగు మీద తెల్ల అక్షరాలతో కఫ్తాన్ కఫ్తాన్ కఫ్తాన్ అని దాచాడు. మనుషులకి కనబడదట, సెర్చ్ మాత్రం మురిసిపోతుందట! కనిపెట్టి అదంతా తీయించి, తన్ని తరిమాను. ఇప్పుడు ఎదురుకొట్టు హాజ్ తౌదీ పంచన చేరాడు."

"తరిమాక పాస్‌వర్డ్ మార్చారా?"

ఇంతసేపూ తుపాకీలా పేలిన మనిషి ఒక్కసారి నేలచూపులు చూసింది. "అది మా ఆయన పేరు. ఎలా మార్చను?"

ఆమె వెళ్ళాక నజ్హా కంప్యూటర్ ముందు కూర్చుంది. సైటు బాగానే కట్టారు. కఫ్తాన్ల పేజీ పేరు "9eftan" అని ఉంది. లాటిన్ అక్షరాల్లో ఆ గొంతు 'క' లేదు కాబట్టి, ఫోన్లో కొట్టేటప్పుడు మొరాకోలో పిల్లా పెద్దా అందరూ దాని బదులు తొమ్మిది అంకె వేస్తారు. పెళ్ళికూతుళ్ళు ఎలా వెతుకుతారో అలాగే పేజీకి పేరు పెట్టింది జుహూర్.

"తెగిన లింకులు కొన్ని ఉన్నాయి సీ మెక్కీ. రెండు పేజీల్లో ఒకే రాత ఉంది. ఇవేనా కారణం?"

"ఇవి జలుబులూ దగ్గులూ. వీటివల్ల సైటు నాలుగు మెట్లు దిగుతుంది, అంతేగాని చావదు. సరే, చచ్చిన సైటు కుర్చీలో ఇప్పుడెవరు కూర్చున్నారో చూడు."

నజ్హా వెతికింది. మొదటి స్థానంలో ఎన్నడూ వినని కొత్త సైటు. తెరిచి చూసి కేక పెట్టింది. అవే కఫ్తాన్లు, అవే ఫొటోలు. ఒకదాంట్లో అంచు పట్టుకున్న జుహూర్ వేలు, దానికి కుట్టుతొడుగు కూడా ఉన్నాయి.

"దొంగ దొరికాడు! కాపీ కొట్టాడు!"

"కాపీ కొట్టేవాళ్ళకి కొదవేముంది? అయినా మామూలుగా అసలుదే పైన ఉంటుంది, కాపీ కింద ఉంటుంది. ఇక్కడ అసలుది ఎందుకు చచ్చింది? అసలు పేజీ పొట్ట కోసి చూడు."

ప్రతి పేజీ లోపలా మనిషికి కనబడకుండా యంత్రానికి మాత్రం కనబడే మాటలుంటాయి. జుహూర్ పేజీల్లో, ఒక్కటీ వదలకుండా, ఒక కొత్త వాక్యం ఉంది. దాని అర్థం ఇదీ: నేను ఉత్త నకలుని, నా అసలు ఫలానా చోట ఉంది. ఆ ఫలానా చోటు కొత్త సైటే. సెర్చ్ ఆ మాట నమ్మి జుహూర్ పేజీలని పక్కన పడేసింది.

"అమ్మ దుర్మార్గుడా," అంది నజ్హా. "కన్నతల్లి చేత నేను పెంపుడుతల్లినని చెప్పించాడు!"

కొత్త సైటు అడ్రస్ చివర "2eftan" అని ఉంది. "ఇది రెండో కఫ్తాన్ పేజీ అనుకుంటా," అంది.

"అయితే ఒకటోది చూపించు."

నజ్హా ఎంత గాలించినా ఒకటీ లేదు, మూడూ లేదు. సీ మెక్కీ మరో ఆలివ్ నోట్లో వేసుకున్నాడు. ఆయన అలా కళ్ళు మూసుకుని నమిలాడంటే ఎవరికో మూడిందన్నమాట.

ముందు హాజ్ తౌదీ కొట్టుకి వెళ్ళారు. గుమ్మంలోనే ఆయన చేతికర్ర అడ్డం పెట్టాడు.

"ఆ గయ్యాళి పంపిందా? దాని సైటు పోయిందని విని నేను వీధంతా ఖర్జూరాలు పంచాను. ఇంకో బుట్ట మిగిలింది, నువ్వూ తిను!"

"అన్వర్‌తో మాట్లాడాలి హాజ్."

అన్వర్ లోపలినుంచే అరిచాడు. "నా పేరెత్తితే పళ్ళు రాలతాయని చెప్పు ఆవిడతో! ఆ పాస్‌వర్డ్ నాకు తెలుసు, అవును. ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఆవిడ నోరే నాకు కనిపిస్తుంది."

"నువ్వీ ఊరు వదిలి ఎక్కడైనా పనిచేశావా?"

"ఈ దరిద్రపు వీధి దాటే రాతే ఉంటే ఇక్కడ ఈ ముసలాడి తిట్లు తింటానా?"

"ఎవడ్రా ముసలాడు?" అని హాజ్ కర్ర ఇటునుంచి అటు తిప్పాడు. అదే అదనుగా సీ మెక్కీ బయటికొచ్చేశాడు.

జుహూర్ అత్త లల్లా బతూల్ ఇంట్లో వాతావరణం ఇంకా వేడిగా ఉంది. ముసలావిడ నడుముకి అరచెయ్యంత తాళం చెవి వేలాడుతోంది. ఆవిడ కసిరితే కొలిమిలో నిప్పు కూడా లేచి నిలబడుతుందని వీధిలో అంటారు. పక్కన ముఫద్దల్, ఇస్త్రీ మడత నలగని మనిషి.

"డిటెక్టివా! మా వదినకి పిచ్చి ముదిరింది," అన్నాడతను. "నేను సగం వయసు కైరోలో గడిపినవాణ్ణి. ఫోను పట్టుకోవడం నేర్చింది అక్కడే, టోకు బేరాలన్నీ దాని మీదే చేసేవాణ్ణి. వ్యాపారం అంటే ఏంటో నాకు తెలుసు. ఆవిడ చెయ్యి పడితే పచ్చని చెట్టు ఎండుతుంది."

"నీ నాలుక పడితే అడవే ఎండుతుంది," అంది లోపలినుంచి జుహూర్.

"ఇద్దరూ నోర్ముయ్యండి!" అంది లల్లా బతూల్. "రేపు మా ముఫద్దల్ అహ్వా చల్లారేలోపు చెప్పు, డిటెక్టివూ. శుక్రవారం దాకా నాకు ఓపిక లేదు."

బయటికొచ్చాక నజ్హా గుసగుసగా అంది. "ఈ ఇంట్లో అందరూ మింగుడుగాళ్ళే. అహ్వా అహ్వా అని."

"నోరు మింగుతుంది," అన్నాడు సీ మెక్కీ. "రేపు పొద్దున అందర్నీ మన ఆఫీసుకి పిలువు."

గురువారం అందరూ వచ్చారు. లల్లా బతూల్ ఒక్కో మెట్టుకీ సీ మెక్కీ వంశంలో ఒక్కొక్కర్ని తిట్టుకుంటూ ఎక్కింది. పై మెట్టుకొచ్చేసరికి ముత్తాత దాకా అయ్యారు. హాజ్ తౌదీ జుహూర్‌కి వీపు పెట్టి కూర్చున్నాడు. అన్వర్ కిటికీ దగ్గర, ముఫద్దల్ తలుపు దగ్గర. కింద సుత్తులు ఊరిమీద పగబట్టినట్టు మోగుతున్నాయి.

"క్షమించాలి," అని సీ మెక్కీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఈ మోతలో నాకేం వినబడదు. ఇక్కడ పుదీనా అయిపోయింది, టీ లేదు. కాఫీ ఒక్కటే. ఎవరికి పాలు, ఎవరికి నలుపు, నజ్హా ఫోనుకి రాసి పంపండి. కింద కొట్టుకి చెబుతుంది."

నజ్హాకి ఆశ్చర్యం వేసింది. పొద్దున తను తెచ్చిన పుదీనా కట్ట అలమరలో పరిమళిస్తోంది. అయినా తన నంబరు కాగితం మీద రాసి అందరికీ చూపించింది.

"కాఫీకి కూడా అర్జీ పెట్టుకోవాలా?" అన్నాడు హాజ్. అయినా అందరూ వేళ్ళు ఆడించారు. లల్లా బతూల్‌ది జుహూర్ రాసింది, పళ్ళు కొరుకుతూ.

సందేశాలు రాగానే సీ మెక్కీ ఫోను తీసుకుని చూశాడు. కిటికీ మూశాడు. ఆయన చెవుడు అక్కడితో కుదిరిపోయింది.

"జుహూర్ లల్లా సైటుని బయటివాడు చంపలేదు. పేజీల లోపలికెళ్ళి 'నేను నకలుని' అని ఒప్పుకోలు రాసింది తాళం ఉన్నవాడే. ఆ పాస్‌వర్డ్ తెలిసింది ముగ్గురికి. లల్లాకి, అన్వర్‌కి, ముఫద్దల్‌కి."

"చెప్పాగా, అన్వరే!" అన్నాడు ముఫద్దల్. "హాజ్ డబ్బిచ్చి చేయించాడు!"

"నీ సమాధి మీద నేనే పూలు వేస్తాన్రా," అని హాజ్ లేవబోయాడు.

"కూర్చోండి. హంతకుడు ఒక తప్పు చేశాడు. దొంగసైటులో పేజీకి పేరు పెట్టాలి కదా. కఫ్తాన్‌కి మొరాకోలో ఎవరైనా తొమ్మిది అంకెతో మొదలుపెడతారు. ఇతను రెండు వేశాడు. ఈ రెండు ఎక్కడిది? కైరోది. అక్కడ ఆ 'క'ని మింగేస్తారు, మింగినచోట రెండు అంకె వేస్తారు. ఇప్పుడు మీ కాఫీలు చదువు నజ్హా."

నజ్హా చదివింది. "హాజ్ గారిది '9ahwa'. అన్వర్‌ది '9ahwa'. లల్లా జుహూర్ తనకీ అత్తగారికీ రాసినవి రెండూ '9ahwa'. సీ ముఫద్దల్‌ది..." ఫోను అందరికీ కనబడేలా తిప్పింది. "2ahwa."

ముఫద్దల్ పకపకా నవ్వాడు. "ఇదా మీ ఆధారం? మేం పాత ఫెస్ కుటుంబం. ఆ అక్షరాన్ని ఇంటిల్లిపాదీ మింగుతాం. అమ్మ మింగదా? వదిన మింగదా?"

"నోటితో మింగుతారు," అన్నాడు సీ మెక్కీ. "అందుకే మీ మాట వింటే నాకేం తేలలేదు. కానీ రాసేటప్పుడు మీ వదిన వేలు తొమ్మిది మీదికే వెళ్ళింది. ఈ ఊళ్ళో ఫోను నేర్చిన ఏ వేలైనా అంతే. మీ వేలు కైరోలో బడికెళ్ళింది. మీరు తిరిగొచ్చారు, అది రాలేదు. అన్వర్ ఈ వీధి దాటలేదు. తాళమూ కైరో వేలూ రెండూ ఉన్నవాడు ఈ గదిలో ఒక్కడే."

"అయితే ఏంటి!" ముఫద్దల్ గొంతు చిరిగింది. "అది మా అన్న కొట్టు! పరాయింటినుంచి వచ్చింది గల్లాపెట్టె ముందు కూర్చుంటే నేను తుడుపుగుడ్డ పట్టుకోవాలా? తాళం నా చేతికి రాగానే ఆ వాక్యం చెరిపేద్దామనుకున్నా. మళ్ళీ లేచేది. అప్పుడు తెలిసేది అమ్మకి, సమర్థుడెవరో!"

"విన్నారా?" అన్నాడు సీ మెక్కీ. "విషం పెట్టి, మందు జేబులో పెట్టుకు తిరిగాడు. నజ్హా, చెరిపెయ్. మా పేజీలు మళ్ళీ చూసి వెళ్ళమని సెర్చ్‌కి కబురు పెట్టు. వెంటనే లేవదు లల్లా, కొన్నాళ్ళు మంచం మీద ఉంటుంది. కానీ బతుకుతుంది."

 లల్లా బతూల్ నడుము దగ్గర తాళంచెవి విప్పింది. దాన్ని చూసి ముఫద్దల్ ఒక అడుగు ముందుకేశాడు.

"అమ్మా..."

"ఆ పిలుపు కూడా మింగెయ్," అంది ఆవిడ. తాళంచెవి జుహూర్ ఒళ్ళో పడింది, విసిరినట్టే. "నవ్వకు. నిన్ను చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మంటే. నా కొడుకు పేరుతో తాళం వేసి, ఆ పేరు వీడికీ వాడికీ పంచిపెట్టావు. ముందు దాన్ని మార్చు."

జుహూర్ తాళంచెవిని రెండు చేతుల్తో పట్టుకుంది. "మార్చి ఏం పెట్టను?"

"నా పేరు పెట్టు."

"లల్లా, ఇంతమంది ముందు పాస్‌వర్డ్ చెప్పకూడదు," అన్నాడు సీ మెక్కీ.

ఆవిడ హాజ్‌నీ, అన్వర్‌నీ, తలుపు దగ్గర తెల్లబోయి నిలబడ్డ కొడుకునీ వరసగా చూసింది. హాజ్ తౌదీ అంతటివాడు కర్ర కింద పెట్టేశాడు.

"విననీ," అంది. "నా పేరు కొట్టే ధైర్యం ఏ వేలికుందో నేనూ చూస్తా."